ఆదివారం సంత: సెరంగూన్ రోడ్డు కథ

సింగపూర్‌లో దిగిన వారం రోజుల్లోపు ప్రతి తెలుగు ఇంట్లోనూ ఒక ప్రశ్న పుడుతుంది. "ఇక్కడ గోంగూర ఎక్కడ దొరుకుతుందండీ?" దానికి పాతకాపులు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే, "తెక్కాకి వెళ్ళండి". నేను వచ్చినప్పుడు నాకూ అదే చెప్పారు, తరవాత వచ్చినవాళ్ళకి నేనూ అదే చెబుతున్నాను.

తెక్కా అంటే లిటిల్ ఇండియా మొదట్లో ఉన్న పెద్ద మార్కెట్టు. అక్కడి నుంచి సెరంగూన్ రోడ్డు పట్టుకుని ముస్తఫా దాకా, ఇంకా ముందుకు పెరుమాళ్ గుడి దాకా ఉన్నదంతా కలిపి ఒక సంత అనుకోండి. ఇండియా నుంచి వచ్చే చుట్టాలని మనం అక్కడికి తీసుకెళతాం, ఫోటోలు తీయిస్తాం, ఇడ్లీ తినిపిస్తాం. కానీ ఆ వీధులకి ఆ పేర్లు ఎలా వచ్చాయో, ఆదివారం అంత జనం ఎందుకు వస్తారో చాలామందికి తెలియదు. మనవాళ్ళలో ఎక్కువమంది శనివారం పొద్దున్నే సరుకులు తెచ్చేసుకుని, "ఆదివారం మాత్రం అటు వెళ్ళకండి బాబోయ్" అని కొత్తవాళ్ళకి సలహా కూడా ఇస్తారు. ఆ సలహా సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

సంత అంటే ఏమిటి?

మన ఊళ్ళలో సోమవారం సంత, గురువారం సంత ఉన్నట్టే ప్రపంచంలో చాలాచోట్ల వారపు సంతలు ఉన్నాయి. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల మీద, పెరూ దేశంలో వాంకాయో అనే ఊరు ఉంది. సముద్రమట్టానికి 3,200 మీటర్ల పైన ఉన్న ఆ ఊళ్ళో ఆదివారం సంత పేరుమోసినది. ఈక్వడార్‌లో ఒటవాలో అనే ఊరిది శనివారం సంత. చుట్టుపక్కల కొండల మీది పల్లెల వాళ్ళు దుప్పట్లు, దుంపలు, పశువులు తెచ్చి అమ్ముకుంటారు. దాంతోపాటు కబుర్లు, బాకీలు, చుట్టరికాలు కూడా అక్కడే తేల్చుకుంటారు. మన సంతల్లోనూ ఇదేగా జరిగేది!

సెరంగూన్ రోడ్డు సంతలో మాత్రం ఒక తిరకాసు ఉంది. మామూలు సంతకి అమ్మేవాళ్ళు వారానికి ఒకసారి వస్తారు. ఇక్కడ అమ్మేవాళ్ళు వారమంతా ఉంటారు, కొనేవాళ్ళే వారానికి ఒకసారి వస్తారు. కట్టడాల మీద, ఓడల యార్డుల్లో, కాలువ పనుల్లో వారమంతా కష్టపడే కూలీలకి సెలవు దొరికేది చాలావరకు ఆదివారమే. కాబట్టి ఈ సంతని నడిపించేది సరుకు కాదు, సెలవు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

గేదెలు, సున్నం, ఇటుకలు

1819లో రాఫెల్స్ ఇక్కడ ఈస్టిండియా కంపెనీ స్థావరం పెట్టాడు. 1828 నాటి పటంలోనే సెరంగూన్ రోడ్డు కనిపిస్తుంది. 1842లో ఇప్పటి ఫారర్ పార్క్ ప్రాంతంలో తెల్లదొరలు గుర్రప్పందాల మైదానం కట్టుకున్నారు. రేస్ కోర్స్ రోడ్డు పేరు అలా వచ్చింది. పందాలు 1933లో బుకిత్ తిమా వైపు తరలిపోయాయి, పేరు మాత్రం మిగిలింది.

గుర్రాల కన్నా గేదెల కథ పెద్దది. పక్కనే రోచోర్ వాగు, చుట్టూ బురద నేల, కావలసినంత గడ్డి. పశువుల వ్యాపారానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? కలకత్తా నుంచి వచ్చిన బెలీలియోస్ అనే యూదు వర్తకుడు ఇక్కడ పశువుల వ్యాపారం చేశాడు, ఆయన పేరు మీద బెలీలియోస్ రోడ్డు ఉంది. పక్కన బఫెలో రోడ్డు. దాని వెనక కెర్బావ్ రోడ్డు, మలాయ్ భాషలో కెర్బావ్ అన్నా గేదే. ముస్తఫాకి ఎదురుగా లెంబూ రోడ్డు, లెంబూ అంటే ఆవు. అంటే మనం ఈ పక్క వీధుల్లో నడిచినంతసేపూ పశువుల సంతలో నడుస్తున్నట్టే! పశువులని మేపడానికి, పాలు పితకడానికి, బండ్లు తోలడానికి భారతీయులు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. లిటిల్ ఇండియా అలా తయారైంది గాని, భారతీయులు ఉండండి అని ఎవరో గీత గీసి ఇచ్చినది కాదు.

ఇంకో పేరు చూడండి, కంపోంగ్ కపోర్. కపోర్ అంటే సున్నం, కంపోంగ్ అంటే పల్లె. తమిళులు దాన్నే "సుణ్ణాంబు కంబం" అన్నారు. మన 'సున్నం' అందులో వినబడుతోంది కదా! ఇక్కడ సున్నపు బట్టీలు ఉండేవి. సెరంగూన్ రోడ్డు మీది వీరమాకాళి అమ్మవారి గుడికి కూడా మొదట్లో సున్నపు పల్లె గుడి అనే పేరు ఉండేది. 1881లో కట్టిన ఆ గుడి వెనక ఉన్నది బెంగాలీ కూలీలని చెబుతారు.

ఇటుక బట్టీలు కూడా ఈ రోడ్డు పక్కనే ఉండేవి. వాటిలో పని చేసినవాళ్ళు ఎవరనుకున్నారు? 1825 నుంచి 1873 దాకా కంపెనీవారు, తరవాత బ్రిటిష్ ప్రభుత్వం ఇండియా నుంచి ఓడల మీద పంపిన ఖైదీలు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్ళూ వారిలో ఉన్నారు. మన కోస్తా జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ ఈ ఖైదీలే కట్టారు. దాని గోడల పూత పేరు 'మద్రాసు సున్నం'. సున్నంలో కోడిగుడ్డు సొన, ముతక చక్కెర, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళు కలిపి రుద్దేవారు. ఇప్పటి అధ్యక్ష భవనం ఇస్తానా కూడా ఖైదీల చేతి పనే, 1869లో పూర్తయింది. ఈ ఊరిని కట్టిన చేతుల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆదివారం సంతకి వచ్చేవాళ్ళు ఆ వరసలో ఇప్పటివాళ్ళు.

తెక్కా చరిత్ర

హొక్కియన్ చైనీసు భాషలో "తెక్ క్యా ఖా" అంటే చిన్న వెదుళ్ళ మొదలు అని అర్థం. వాగు ఒడ్డున వెదుళ్ళు ఉండేవట. అదే నలిగి నలిగి 'తెక్కా' అయింది. 1915లో కట్టిన పాత మార్కెట్టుని కందాంగ్ కెర్బావ్ మార్కెట్ అనేవారు, అంటే గేదెల దొడ్డి. కేకే ఆసుపత్రి పూర్తి పేరు కూడా అదే! మనలో ఎంతోమంది పిల్లలు పుట్టిన ఆ ఆసుపత్రి 1966లో ఒక్క ఏడాదిలో 39,835 కాన్పులతో గిన్నిస్ రికార్డుకెక్కింది.

పాత మార్కెట్టు 1982లో రోడ్డుకి ఇవతలి పక్కకి, ఇప్పుడున్న భవనంలోకి మారింది. అప్పుడు చైనీసు పిన్‌యిన్ పద్ధతిలో దానికి 'జూజియావ్ సెంటర్' అని పేరు పెట్టారు. జనానికి నోరు తిరగలేదు, తెక్కా అనే పిలుస్తూ వచ్చారు. చివరికి 2000లో అధికారికంగా 'తెక్కా సెంటర్' అని మార్చారు. పేరు విషయంలో జనమే గెలిచారన్నమాట.

కొత్తగా వచ్చినవారికి కొన్ని చిట్కాలు

కారు తీసుకెళ్ళవద్దు, పార్కింగ్ దొరకదు. నార్త్ ఈస్ట్ లైన్ 2003లో మొదలైంది, డౌన్‌టౌన్ లైన్ 2015లో కలిసింది. లిటిల్ ఇండియా స్టేషన్‌లో దిగి బయటికి వస్తే బఫెలో రోడ్డులో కూరగాయల కొట్లే ఎదురవుతాయి.

కొట్టువాళ్ళకి ఎక్కువగా తమిళం వచ్చు. కాబట్టి ఈ పేర్లు రాసి పెట్టుకోండి. గోంగూర కావాలంటే 'పుళిచ్చ కీరై' అనాలి. దొండకాయ 'కోవక్కాయ్', బీరకాయ 'పీర్కంగాయ్', సొరకాయ 'సురైక్కాయ్', గోరుచిక్కుడు 'కొత్తవరంగాయ్', పొట్లకాయ 'పుడలంగాయ్'. కరివేపాకు 'కరువేప్పిలై', తెలిసిన కొట్టయితే కాస్త ఊరికే కూడా వేస్తారు. ఉగాదికి రెండు రోజుల ముందు వెళితే మామిడికాయ, వేపపువ్వు ఎక్కడున్నాయో అడక్కుండానే చూపిస్తారు.

మార్కెట్టు లోపల చేపల వరసలో మలాయ్ పేర్లు పనికొస్తాయి. వంజరం అంటే 'తెంగిరి', చందువా అంటే 'బావల్', రొయ్యలు 'ఉదాంగ్'. అక్కడి చైనీసు పెద్దాయనలు కొందరు తమిళంలో బేరమాడతారు, వినడానికి భలే ముచ్చటగా ఉంటుంది. చేపలకి పొద్దున్నే వెళ్ళడం మంచిది. మేడ మీద చీరలు, పంజాబీ డ్రెస్సులు, కుట్టుపనివాళ్ళు. కింద ఒక పక్క తినుబండారాల కొట్లు. పరాటా, అప్పం, లాగిన టీ ఇక్కడ బాగుంటాయి. కూర్చుని భోజనం చేయాలంటే 1947 నుంచి ఉన్న కోమల విలాస్ ఉండనే ఉంది. చేప తలకాయ పులుసు ఈ వీధుల పక్కనే సోఫియా రోడ్డులో గోమెజ్ అనే మలయాళీ వంటవాడు మొదలుపెట్టిన వంటకమని చెబుతారు. కేరళ మసాలాలో చైనీసువాళ్ళకి ఇష్టమైన చేప తలకాయ వేశాడు. సింగపూర్ అంటే ఏమిటో ఆ గిన్నెలోనే తెలుస్తుంది.

పూలకి కాంప్‌బెల్ లేన్. సంక్రాంతి రోజుల్లో ఆ సందులో ఆవులని తెచ్చి కడతారు, పిల్లలకి చూపించండి. అక్కడే 2015లో తెరిచిన ఇండియన్ హెరిటేజ్ సెంటర్ ఉంది, ఒక గంట కేటాయించదగ్గది. ముస్తఫా 2020కి ముందు 24 గంటలూ తెరిచి ఉండేది. ఇప్పుడు వేళలు కనుక్కుని వెళ్ళండి. బంగారం కొనేటప్పుడు జీఎస్టీ 2024 నుంచి 9 శాతం అని గుర్తుంచుకోండి. టూరిస్టుగా వచ్చిన చుట్టాలు దాన్ని విమానాశ్రయంలో వెనక్కి అడగవచ్చు, ఇక్కడ ఉద్యోగం చేసే మనకి ఆ సౌకర్యం లేదు.

పెరుమాళ్ గుడి స్థలం 1850లలో కంపెనీ దగ్గర కొన్నది. గుడి 1978లో జాతీయ స్మారక చిహ్నమైంది. దాని గోపురానికి డబ్బిచ్చిన గోవిందసామి పిళ్ళై 1905లో చేతిలో ఏమీ లేకుండా వచ్చి, ఈ రోడ్డు మీదే కొట్టు పెట్టి పైకి వచ్చిన మనిషి. తైపూసం ఊరేగింపు ఏటా ఈ గుడి నుంచే బయలుదేరుతుంది.

ఆదివారం ఎందుకు?

ఇప్పుడు అసలు సంగతి. కూలీల డార్మిటరీలు తువాస్, జురోంగ్, క్రాంజి, సుంగై కదుత్, ఇలా ఊరి అంచుల్లో ఉంటాయి. ఒకే ఊరి నుంచి వచ్చిన నలుగురు నాలుగు కంపెనీల్లో, నాలుగు మూలల్లో ఉంటారు. వాళ్ళు కలుసుకోవాలంటే నడిమధ్య ఒక చోటు కావాలి. ఆ చోటే ఇది. జాగ్రత్తగా చూడండి, పచ్చిక మీద కూర్చున్న జనం ఊరిఊరికీ, జిల్లాజిల్లాకీ గుంపులుగా ఉంటారు. బంగ్లాదేశ్ వాళ్ళు లెంబూ రోడ్డు దగ్గర చేరతారు. డబ్బు ఇంటికి పంపడం, ఫోను కార్డు, క్షవరం, గుడి, మసీదు, ఊరగాయ సీసా, ఊరికి వెళ్ళే స్నేహితుడి చేతికి ఇచ్చే పొట్లం, ఈ పనులన్నీ ఒక్క పూటలో అయిపోవాలి. డార్మిటరీల పక్కనే వినోద కేంద్రాలు కట్టారు, సినిమాలు వేస్తున్నారు. మంచిదే. కానీ పక్క డార్మిటరీలో లేని బావమరిది ఆ కేంద్రంలో ఎలా కనబడతాడు?

ఇది మన భారతీయుల ఒక్కరి అలవాటు కాదు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఆర్చర్డ్ రోడ్డు లక్కీ ప్లాజాలో, బర్మావాళ్ళు పెనిన్సులా ప్లాజాలో ఇలాగే చేరతారు.

2013 డిసెంబర్ 8, ఆదివారం రాత్రి రేస్ కోర్స్ రోడ్డు దగ్గర కూలీలని తీసుకెళ్ళే బస్సు కింద పడి ఒక తమిళ కార్మికుడు చనిపోయాడు. తరవాత సుమారు 300 మంది రెచ్చిపోయి పోలీసు వాహనాలు, అంబులెన్సు తగలబెట్టారు. నలభై ఏళ్ళకు పైగా అలాంటి అల్లరి చూడని దేశం ఉలిక్కిపడింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2014లో నివేదిక ఇచ్చింది. ప్రమాదం జరిగిన తీరు మీద, సహాయక చర్యల మీద జనంలో కలిగిన అపోహలు, తాగుడు ముఖ్య కారణాలని చెప్పింది. జీతాల మీద, వసతుల మీద అసంతృప్తి కారణమని ఆధారాలు లేవంది. 2015 ఏప్రిల్ నుంచి మద్యం చట్టం వచ్చింది. దేశమంతటా రాత్రి 10:30 నుంచి పొద్దున 7 దాకా బహిరంగంగా తాగకూడదు. లిటిల్ ఇండియాలో శని, ఆదివారాలకి ఇంకా గట్టి నియమాలు పెట్టారు.

ఆ తరవాత మన విందుల్లో "ఆదివారం అటు వెళ్ళకండి" అనే మాట బలపడింది. అయితే ఒక రాత్రి జరిగినదాన్ని ఎన్నో ఏళ్ళ ఆదివారాలకి అంటగట్టడం న్యాయం కాదు. నేను ఎన్నో ఆదివారాలు అక్కడ తిరిగాను. తోపులాట ఉంటుంది, అంతే. మన తిరణాళ్ళలో లేనిదా?

రెండేళ్ళు మూగబోయిన సంత

2020లో కోవిడ్ వచ్చింది. ఏప్రిల్ 7 నుంచి అందరం ఇళ్ళలో ఉన్నాం. జూన్ 19 నుంచి మన లాంటివాళ్ళకి చాలావరకు తలుపులు తెరిచారు. ఐదుగురిదాకా కలిసి తిరగవచ్చన్నారు. డార్మిటరీల్లో ఉన్న మూడు లక్షల పైచిలుకు కార్మికులకి మాత్రం అలా తెరవలేదు. ఒకే గదిలో పదిమందికి పైగా ఉండే చోట్ల జబ్బు కార్చిచ్చులా పాకింది. 2020 డిసెంబర్ నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం డార్మిటరీ కార్మికుల్లో 47 శాతం మందికి అప్పటికే సోకింది. పనికి, డార్మిటరీకి మధ్యనే వాళ్ళ లోకం.

2021 సెప్టెంబర్‌లో ప్రయోగంగా వారానికి 500 మందిని లిటిల్ ఇండియాకి కొన్ని గంటల పాటు పంపారు. 2022 జూన్‌లో బయటికి రావడానికి అనుమతి పద్ధతి చాలావరకు తీసేశారు గాని, ఆదివారాలు, పండగలప్పుడు లిటిల్ ఇండియా, చైనాటౌన్ లాంటి నాలుగు చోట్లకి వెళ్ళాలంటే పాసు కావాలన్నారు. రోజుకి 80,000 పాసులు. ఆ పాసు పూర్తిగా రద్దయింది 2024 మే 1 నుంచే. అంటే సంతకి వెళ్ళే స్వేచ్ఛ మామూలుగా తిరిగి రావడానికి నాలుగేళ్ళు పట్టింది!

2022లో ఒక ఆదివారం డబ్బు పంపే కొట్టు దగ్గర వరసలో నా ముందు శ్రీకాకుళం కుర్రాడొకడు నిలబడ్డాడు, ఓడల యార్డులో వెల్డరు. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని, "ఎక్కడోరు అన్నయ్యా మీరు?" అని పలకరించాడు. మాటల్లో అన్నాడు, "ఫోన్లో రోజూ మాటాడుతున్నాం గానీ అన్నయ్యా, మా ఊరోణ్ణి ఎదురుగా చూసి రెండేళ్ళు దాటింది." పక్కనే వాళ్ళ ఊరివాడు నిలబడి నవ్వుతున్నాడు. ఇద్దరూ ఆ పూటే కలిశారట. ఆ రెండేళ్ళలో నేను ఎన్నిసార్లు తెక్కాకి వెళ్ళి గోంగూర తెచ్చుకున్నానో లెక్క లేదు. ఇద్దరిదీ ఒకే భాష, ఇద్దరం ఒకే దేశం నుంచి వచ్చాం. తేడా అల్లా జేబులో కార్డు రంగు.

మనం చేయగలిగింది

ఉపన్యాసం ఇవ్వడం నా ఉద్దేశ్యం కాదు. మూడు చిన్న సంగతులు మాత్రం చెబుతాను.

ఒకటి, మీ ఇంట్లో పనికి మనిషి ఉంటే ఆమె సెలవు ఆమెకి ఇవ్వండి. 2013 నుంచి వారానికి ఒక సెలవు ఆమె హక్కు. ఇద్దరూ ఒప్పుకుంటే డబ్బు ఇచ్చి పని చేయించుకోవచ్చు. కానీ 2023 జనవరి నుంచి నెలకి కనీసం ఒక సెలవు తప్పకుండా ఇవ్వాలి, దానికి బదులు డబ్బు ఇస్తానంటే చట్టం ఒప్పుకోదు. ఆమెకీ ఎక్కడో ఒక సంత ఉంది.

రెండు, కఫ్ రోడ్డు ప్రాంతంలో 2008 నుంచి టీడబ్ల్యూసీ2 అనే స్వచ్ఛంద సంస్థ దెబ్బలు తగిలి, జీతాలు రాక, కేసు తేలేదాకా ఎదురుచూసే కార్మికులకి ఉచితంగా భోజనం పెట్టే కార్యక్రమం నడుపుతోంది. ఆ వరసలో నిలబడ్డవాడికి ఇంగ్లీషు కాగితం చదివి పెట్టేవాడు అన్నం అంత అవసరం. మనలో ఆఫీసు కాగితాలు చదవలేనివాళ్ళు ఎవరున్నారు చెప్పండి?

మూడు, మన సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. ఉగాదికి, సంక్రాంతికి మనం కలుస్తాం, సంతోషం. ఈసారి పండగ పిలుపు మన వాట్సాప్ గ్రూపుల్లోనే ఆగకుండా, ఆదివారం సాయంత్రం పెరుమాళ్ గుడి ముందు, డబ్బు పంపే కొట్ల ముందు నోటిమాటగా కూడా చెబుదాం. కార్యక్రమం ఆదివారం పెడితేనే వాళ్ళు రాగలరు, శనివారం పెడితే చాలామందికి పని ఉంటుంది. తేదీ నిర్ణయించేటప్పుడు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

ఇక వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒకసారి అటు వెళ్ళి చూడండి. సంచీ చిన్నదే పట్టుకెళ్ళండి, పిల్లల చేయి పట్టుకోండి, తీరిక చేసుకుని నడవండి. ఎక్కడో ఒకచోట తెలుగు వినబడుతుంది. వినబడితే ఆగి, "ఏ ఊరు తమ్ముడూ?" అని పలకరించండి.